మూగ యంత్రమును పలికించుట

రాజమహేంద్రవరము దాటి జాతీయ రహదారిపై కడియపులంక వైపు వచ్చు ప్రయాణికులకు బాట కిరుప్రక్కల మొక్కల సంతయే కనిపించును. కడియము, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు మున్నగు గ్రామములలో నర్సరీ అనేక కుటుంబములకు జీవనాధారము. ఇచ్చట పెరిగిన మొక్కలు లారీలపై దూరదేశములకు పోవుచున్నవి. ఆ పచ్చదనమును చూచి ఆనందించువారు అనేకులు. ఒక్కొక్క మొక్క వేరు దిగుటకు ముందు గడచు గండమును ఎరిగినవారు కొలదిమంది.

మందారము, క్రోటను, కాగితపుపూవు వంటివానిని కొమ్మనుండి పెంచుదురు. కోసిన కొమ్మను ఇసుకలోగాని కొబ్బరిపొట్టులోగాని గ్రుచ్చిన తరువాత, వేరు దిగువరకు అది తగినంత నీటిని పీల్చుకొనజాలదు. ఆకులనుండి మాత్రము నీరు ఆవిరియై పోవుచునే యుండును. అందుచేత ఆ కొమ్మల చుట్టు గాలిని తేమగా నుంచుటకు కొన్ని నిమిషముల కొకమారు సన్నని తుంపరను చల్లవలెను. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ తుంపర కొన్ని గంటలు ఆగెనా, ఆకులు ముడుచుకొని కొమ్మలు వాడిపోవును. అట్లు వాడిన కొమ్మ మరల తేరుకొనుట అరుదు.

ఈ తుంపరను వేళ తప్పక విడుచు పనిని ఒక చిన్న పెట్టెకు అప్పగింపవచ్చును. అందులోని ముఖ్యాంగము మైక్రోకంట్రోలరు అను చిప్పు. వ్రేలిగోరంత ఆ తునకలో లెక్కలు చేయు భాగము, జ్ఞాపకముంచుకొను భాగము, గడియారము, బయటి తీగలను కలుపుకొను కాళ్లు అన్నియు ఇమిడి యున్నవి. దానికి తెర లేదు, మీటలు లేవు. మన రేడియో చెడిపోయినచో గరగరలాడును, కూత పెట్టును. ఆ ధ్వనినిబట్టియే అనుభవజ్ఞుడైన మెకానిక్కు లోపమెక్కడనో ఊహింపగలడు. మైక్రోకంట్రోలరు సరిగా పనిచేయునపుడును మౌనమే, తప్పు చేయునపుడును మౌనమే. దాని లోపమును దానిచేతనే చెప్పించు ఉపాయమును, ఆ ఉపాయమునందలి ప్రమాదమును ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ముందుగా మా తప్పునే చెప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతమందలి ఒక నర్సరీలో అట్టి పెట్టెను పరీక్షింపవలసి వచ్చినది. పది నిమిషముల కొకమారు పది సెకనులపాటు తుంపర పడవలెనని ఏర్పాటు. నీటి వాల్వు వేళ తప్పక 'టక్కు'మనుచునే యున్నది. దూరమునుండి వినువారందరు యంత్రము పనిచేయుచున్నదనియే అనుకొనుచున్నారు. కొమ్మలు మాత్రము ఎండుచున్నవి. లోపల నేమి జరుగుచున్నదో తెలిసికొనుటకు, మేము వెంట తెచ్చిన పాత కంప్యూటరు వెనుకనున్న తొమ్మిది సూదుల సీరియల్ పోర్టునుండి మూడు తీగలు తీసి, పెట్టెలోని 3.3 వోల్టుల చిప్పునకు తిన్నగా తగిలించితిమి. తెరపై ఒక్క అక్షరమైనను రాలేదు. చిప్పుపై వ్రేలు పెట్టి చూడగా చుఱ్ఱుమన్నది. అంతటితో దాని ఆయువు తీరినది. మారుచిప్పు వచ్చువరకు రెండు దినములు పనివారు చేతి స్ప్రేయరుతో నీళ్లు చల్లిరి. అయినను సగము కొమ్మలు దక్కలేదు. నర్సరీ యజమాని మమ్ము ఒక్క మాటయైన అనలేదు. అందువలననే ఆ సంగతి నేటికిని మేము మరువలేకున్నాము.

తప్పెక్కడ జరిగినదో గ్రహించుటకు ఈ సీరియల్ సంభాషణ యెట్టిదో తెలియవలెను. ఒకే తీగపై సంకేతములను ఒకదాని వెంట నొకటిగా పంపుటయే సీరియల్ పద్ధతి. ఇది కంప్యూటర్లకంటె చాల పాతది, తంతివార్తల నాటిది. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినను, ఆ విద్య చిప్పులలో జీవించియే యున్నది. వేగమును కొలుచు 'బాడ్' అను మానము ఎమీల్ బోదో అను ఫ్రెంచి తంతి ఇంజనీరు పేరుమీద వచ్చినది. టెలిప్రింటరు తీగలలో వార్త లేనపుడు గూడ కరెంటు ప్రవహించుచునే యుండెడిది. తీగ తెగినచో యంత్రము ఊరక గడగడలాడి ఆ సంగతిని వెంటనే తెలిపెడిది. ఆ సంప్రదాయమే నేటికిని నిలిచినది. మాటలేమియు లేనపుడు చిప్పు తన తీగను 'ఒకటి' అను స్థితిలోనే నిలిపియుంచును. ఈ ఒక్క విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

అక్షరము ప్రారంభమగుటకు గుర్తుగా తీగ ఒక బిట్టు కాలము సున్నకు దిగును. వెంటనే ఎనిమిది బిట్ల అక్షరము వచ్చును. చివర తీగ మరల ఒకటికి చేరి ఒక బిట్టు కాలము నిలుచును. మొత్తము పది బిట్లు. వేగము 9600 అయినపుడు ఒక్కొక్క బిట్టు రమారమి 104 మైక్రోసెకనులు. సెకనునకు 960 అక్షరములు. ఇంగ్లీషు అక్షరమునకు ఇట్టి కట్ట ఒకటి చాలును. నేడు విరివిగా వాడు యూనికోడు రూపమున మన 'అ'కారమునకు మూడు కట్టలు కావలెను. అందుచే చిప్పులు పలుకు మాటలను సాధారణముగా ఇంగ్లీషు లిపిలో, క్లుప్తముగా వ్రాయుదురు.

ఇంతవరకు రెండువైపుల భాష ఒకటే. భేదమంతయు మట్టమునందున్నది. కంప్యూటరు వెనుకనుండు తొమ్మిది సూదుల పోర్టు, 1960లో అమెరికాలో వెలువడిన ఆర్‌ఎస్-232 అను ప్రమాణపు సంతతిలోనిది. టెలిప్రింటర్లను మోడెములతో కలుపుటకు ఆ ప్రమాణము ఏర్పడినది. ప్రస్తుత రూపమున, పంపువైపు 'ఒకటి' అనగా మైనస్ 5 మొదలు మైనస్ 15 వోల్టులవరకు; 'సున్న' అనగా ప్లస్ 5 మొదలు ప్లస్ 15 వోల్టులవరకు. అందుకొనువైపు 3 వోల్టులు దాటి వచ్చిన చాలును. పొడుగాటి తీగలో కొంత వోల్టేజి తగ్గినను, కొంత రొద కలిసినను, అక్షరము చెడకుండవలెనని ఇంత ఎడమునుంచిరి.

మైక్రోకంట్రోలర్ల సంగతి వేరు. వెనుకటివి ఎక్కువగా 5 వోల్టులతో పనిచేసెడివి. చిప్పులోని ట్రాన్సిస్టర్లు నానాటికి సన్నగిల్లుచున్నవి. బ్యాటరీ ఎక్కువకాలము నిలువవలెనన్న కోరిక కూడ తోడైనది. అందుచే నేటివానిలో పెక్కు 3.3 వోల్టులతోను, కొన్ని 1.8 వోల్టులతోను పనిచేయుచున్నవి. వీనిలో 'ఒకటి' అనగా ఆ సరఫరాకు దగ్గరి వోల్టేజి. 'సున్న' అనగా సున్న వోల్టులే. సాధారణముగా ఈ చిప్పుల కాళ్లు సరఫరాకు పైన 0.3 వోల్టును, సున్నకు దిగువ 0.3 వోల్టును మించి భరింపలేవు. అట్టి కాలిపై మేము ఆర్‌ఎస్-232 పోర్టును తగిలించితిమి. అది మాటలాడకమునుపే, మౌనముగా నున్నపుడే, సున్నకు ఎంతో దిగువనున్న వోల్టేజిని ఇచ్చుచుండును. రెండు సెల్లుల ట్రాన్సిస్టరు రేడియోకు 12 వోల్టుల ఎలిమినేటరును, అందును ప్లస్సు మైనస్సులు తారుమారు చేసి, తగిలించుటతో ఇది సమానము. చిప్పు ఒకవేళ బ్రతికినను మాట పొసగదు. ఎందుచేతననగా ఒకచోట 'ఒకటి' పైనున్నది, మరొకచోట క్రిందనున్నది.

గోదావరి డెల్టావారికి దీనిని తెలుపుటకు వేరే ఉపమానము వెదకనక్కరలేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా కాలువలపై పడవలు సరకులు మోసెడివి. ఎగువ మట్టమునుండి దిగువ మట్టమునకు పడవను తిన్నగా వదలినచో బద్దలగును. అందుకై లాకులు కట్టిరి. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపు మూయుదురు. లోపలి నీటిని మెల్లగా దింపుదురు. పిమ్మట ముందు తలుపు తెరతురు. పడవ అదే, సరకు అదే. మారినది మట్టము మాత్రమే. చిప్పునకును కంప్యూటరునకును నడుమ మనము పెట్టవలసినది అట్టి లాకు.

తొమ్మిది సూదుల పోర్టునకు తగిన లాకు మ్యాక్స్-232 అను చిప్పు. దీనిని 1987లో అమెరికాలోని మాక్సిమ్ సంస్థ తెచ్చినది. అంతకుమునుపు ఈ పనికి ప్లస్సు, మైనస్సు వోల్టులు రెండింటిని వేరువేరుగా తయారుచేయవలసి వచ్చెడిది. ఇందులో కొన్ని చిన్న కెపాసిటర్లు, మన రేడియో మెకానిక్కులు కండెన్సర్లనునవి, ఏతమువలె పనిచేయును. ఒక బానను నింపి, దానిని మరియొక బానపై నిలిపి క్రుమ్మరించినట్లుగా, 5 వోల్టులను రెట్టింపు చేయును. దానినే తలక్రిందు చేసి మైనస్సును పుట్టించును. ఇది 5 వోల్టుల చిప్పులకు తగినది. 3.3 వోల్టుల చిప్పులకు మ్యాక్స్-3232 అను దానిని వాడవలెను. అది 3 మొదలు 5.5 వోల్టులవరకు పనిచేయును. దీనిని కంప్యూటరు ఇచ్చు విద్యుత్తుతో కాక, మైక్రోకంట్రోలరు నడుచు వోల్టేజితోనే నడుపవలెనన్నది మరువరాని నియమము.

నేటి ల్యాప్‌టాపులలో తొమ్మిది సూదుల పోర్టు దాదాపు కనుమరుగైనది. దాని స్థానమును యూఎస్‌బీ ఆక్రమించినది. అందుచే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టరు అను చిన్న పలకను కొని వాడుచుందురు. సీపీ2102, సీహెచ్340, ఎఫ్‌టీ232 అను పేర్లు వీనిలోని చిప్పులవి. ఈ అడాప్టర్లు రెండు జాతులు. తొమ్మిది సూదుల మూతి యున్నది ఆర్‌ఎస్-232 మట్టమును ఇచ్చును. ఊరక వరుసగా సూదులున్న పలక చిప్పు మట్టమును, అనగా 5గాని 3.3గాని వోల్టులను ఇచ్చును. అంగడిలో రెంటిని సీరియల్ అడాప్టర్లనియే అడుగుదురు. మనకు కావలసినది రెండవది.

రెండవదానిలోను ఒక మోసము కలదు. పలకపై 5కును 3.3కును మార్చు చిన్న జంపరుండును. కొన్ని పలకలలో ఆ జంపరు సరఫరా సూదిని మాత్రమే మార్చును. మాటలు పంపు సూది 5 వోల్టులవద్దనే యుండిపోవును. పలకపై వ్రాసినదానిని నమ్మక మీటరును నమ్ముట మేలు. ఇక్కడనే ఇందాక గుర్తుంచుకొనుమని చెప్పిన విషయము అక్కరకు వచ్చును. మౌనముగా నున్నపుడు తీగ 'ఒకటి'వద్ద నిలుచును గదా! కనుక చిప్పునకు తగిలింపకమునుపే అడాప్టరును కంప్యూటరులో గ్రుచ్చి, మల్టీమీటరును డీసీ వోల్టులపై నుంచి, నల్లతీగను గ్రౌండు సూదికిని ఎఱ్ఱతీగను పంపు సూదికిని తాకింపుడు. 3.3 చూపినచో అది 3.3 వోల్టుల అడాప్టరు. 5 చూపినచో ఐదుది. మైనస్ గుర్తుతో 5 మొదలు 12 వరకు చూపినచో అది ఆర్‌ఎస్-232. దానిని చిప్పు దరికి రానీయరాదు. అట్లే పెట్టెను నడిపించి చిప్పు పంపు కాలిని కొలిచినచో దాని మట్టము తెలియును. ఈ పరీక్షకు ఒక నిమిషము చాలును. ఆ నిమిషమును మేము మొదట వెచ్చించియుండినచో ఆ కొమ్మలు దక్కియుండెడివి.

రెండు మట్టములు సమానమైనచో తిన్నగా కలుపవచ్చును. అడాప్టరు 5 వోల్టులది, చిప్పు 3.3 వోల్టులది అయినచో, అడాప్టరు పంపు తీగలో 1 కిలోఓము, అచ్చటనుండి గ్రౌండునకు 2 కిలోఓముల రెసిస్టరు పెట్టవలెను. 5 వోల్టులలో మూడింట రెండు వంతులు, అనగా 3.3, చిప్పునకు చేరును. ఎదురు దిశలో చిప్పు ఇచ్చు 3.3ను, 2 వోల్టులు దాటినదానిని ఒకటిగా గ్రహించు అడాప్టరు సులభముగా అందుకొనును. 1.8 వోల్టుల చిప్పులయందు చిక్కు హెచ్చు. 3.3నుండి దిగుటకు 1 కిలోఓము, 1.2 కిలోఓముల జత సరిపోవును. కాని చిప్పు పంపు 1.8 వోల్టులను 3.3 వోల్టుల అడాప్టరు 'ఒకటి'గా గ్రహించునన్న నమ్మకము లేదు. రెసిస్టర్లు దింపగలవే గాని ఎత్తలేవు. అందుకు 74ఎల్‌వీసీ1టీ45 వంటి చిప్పును వాడవలెను. దీనికి రెండు సరఫరా కాళ్లు: ఒక ప్రక్క 1.8, మరియొక ప్రక్క 3.3. ఇది రెండు తలుపులున్న నిజమైన లాకు.

ఇక తీగల వరుస. మొట్టమొదట గ్రౌండును కలుపవలెను. వోల్టేజి అనగా ఎత్తు. ఎత్తును చెప్పుటకు ఇరువురకు ఒకే ఆధారము కావలెను. కాలువ మట్టములను సముద్రమట్టమునుండి కొలిచినట్లు, ఇక్కడ రెండువైపులకు గ్రౌండే సముద్రమట్టము. అది లేనిచో అక్షరములకు మారుగా పిచ్చిగుర్తులు కనిపించును, లేదా ఏమియు కనిపింపదు. తరువాత అడాప్టరు పంపు తీగను చిప్పు వినికిడి కాలికిని, చిప్పు పంపు కాలిని అడాప్టరు వినికిడి సూదికిని మార్చి కలుపవలెను. ఒకరి నోరు మరియొకరి చెవికి గదా! చిప్పునకు తన బ్యాటరీయో సరఫరాయో యున్నపుడు అడాప్టరు సరఫరా తీగను విడిచిపెట్టుడు; రెండు సరఫరాలు ఒకదానితో నొకటి పెనగులాడును. పంపు తీగలో 1 కిలోఓము రెసిస్టరును వరుసగా చేర్చుట మంచిది. పెట్టె ఆపియున్నపుడు ఆ తీగగుండ కరెంటు ప్రవేశించి చిప్పును సగము నిద్ర, సగము మెలకువగా నుంచు దోషమును అది చాలవరకు తగ్గించును.

వేగము ఇరువైపుల ఒకటిగా నుండవలెను. కంప్యూటరులో 9600 అని, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాపు బిట్టు అని అమర్చుకొనవలెను. వినువారు ప్రారంభపు బిట్టునుండియే కాలమును లెక్కించుకొందురు గనుక, వేగములలో నూటికి రెండు మూడు వంతుల తేడా వచ్చిననుకూడ చివరి బిట్ల వద్ద తడబాటు కలుగవచ్చును. స్ఫటికము లేని కొన్ని చిప్పులలో లోపలి గడియారము నూటికి పది వంతులవరకు తప్పియుండవచ్చును. ఎండ తగులు పెట్టెలో అది ఇంకను జరుగును. అక్షరములు కొన్ని సరిగాను, కొన్ని వికారముగాను వచ్చినపుడు మొదట ఈ గడియారమునే అనుమానింపవలెను.

మరియొక హెచ్చరిక. నర్సరీలలో నేల తడి, మోటారు స్టార్టరు దగ్గరనే యుండును. ఇంటి కరెంటుతో నడుచు పెట్టెకు ల్యాప్‌టాపును తగిలించునపుడు దాని చార్జరును ఊడదీసి బ్యాటరీపై నడుపుట మంచిది. మోటారు పలకతో నిత్యము కలిసి యుండవలసినచో ఆప్టోకప్లరును నడుమనుంచవలెను. అందులో మాట వెలుగు రూపమున ఇవతలి ఒడ్డునుండి అవతలి ఒడ్డునకు దాటును, తీగ దాటదు. మోటారు పలకను విప్పుట మాత్రము లైసెన్సుగల ఎలక్ట్రీషియనుకే విడువవలెను.

ఇప్పుడు మా కథ చివరిభాగము. మారుచిప్పు వచ్చినది. ఈమారు అడాప్టరును ముందుగా కొలిచితిమి. జంపరు 3.3వద్ద నున్నది, మీటరు మాత్రము 5 చూపినది! రెండు రెసిస్టర్లు చేర్చి, గ్రౌండు కలిపి, తీగలు మార్చి తగిలించితిమి. చిప్పులోని కార్యక్రమమునకు నాలుగు పలుకులు నేర్పితిమి: మేల్కొంటిని, వాల్వు తెరిచితిని, పది సెకనులైనవి, వాల్వు మూసితిని. తెరముందు కూర్చుంటిమి. పది నిమిషములకు 'తెరిచితిని' అని వచ్చినది. 'పది సెకనులైనవి' అని రావలసినచోట మరల 'మేల్కొంటిని' అని వచ్చినది. ఇంకొక పది నిమిషములకును అట్లే. వెనుకటిమారు ఎందుకు ఆగిపోయితివని చిప్పును అడుగు పంక్తిని కూడ చేర్చితిమి. 'వోల్టేజి తగ్గినది' అని బదులు వచ్చినది.

అంతయు అర్థమైనది. వాల్వు తెరచుకొనునపుడు దాని చుట్ట ఒక్కుమ్మడిగా కరెంటును లాగుచున్నది. ఉమ్మడి సరఫరా క్షణకాలము కుంగుచున్నది. చిప్పు స్మృతి తప్పి మరల మొదటినుండి లేచి, పది నిమిషముల లెక్క మొదలిడుచున్నది. వాల్వు 'టక్కు'మనుట నిజమే. తుంపర మాత్రము ఱెప్పపాటే. వాల్వునకు వేరు సరఫరా, చిప్పు సరఫరాకు 1000 మైక్రోఫారడుల కెపాసిటరు, చుట్ట ఎదురుదెబ్బను మ్రింగుటకు ఒక డయోడు చేర్చితిమి. మరుసటి తడవ నాలుగు పలుకులును వరుస తప్పక వచ్చినవి. తుంపర పది సెకనులు నిలిచినది.

ఆ వేసవిలో పోయిన కొమ్మలు తిరిగి రాలేదు. నాటినుండి మా సంచిలో మల్టీమీటరు లేనిదే మేము ఏ పెట్టెను విప్పము. ఇండ్లలో నీటితొట్టి సూచికలో, దీపములో, తోటకు నీరు పెట్టు సాధనములో అమర్చుకొను యువకులు మన ప్రాంతమున నేడు పెక్కుమంది కలరు. వారికి మా మనవి ఒక్కటే: యంత్రమును పలికింపకమునుపు దాని మట్టమును కొలువుడు. లాకు తలుపు తెరచుటకు ముందు నీటిమట్టమును చూడని లాకుమనిషి యుండడు గదా!